పదేళ్లకు పైగా షెడ్డులో ఉన్న అంబాసిడర్ మార్క్ 2ని ఎలా లేపాలి?

తెనాలి కుర్రాడు:
మా తాతగారి 1972 అంబాసిడర్, మార్క్ 2 పెట్రోల్ బండి, తెనాలి దగ్గర మా ఊళ్లో షెడ్డులో ఉంది. 2011లో ఆయన పోయాక ఎవరూ తీయలేదు. టైర్లు నాలుగూ కూర్చుండిపోయాయి, డోర్ల కింద అంచుల్లో తప్ప తుప్పు పెద్దగా లేదు. ఊళ్లో మెకానిక్ ఒకాయన కొత్త బ్యాటరీ వేసి, ఐదు లీటర్ల పెట్రోల్ పోసి సెల్ఫ్ కొడదాం, కాకపోతే ట్రాక్టర్‌తో లాగి గేర్లో వేద్దాం అంటున్నాడు. సంక్రాంతికి అందరం వస్తాం, నాయనమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి ఒక రౌండ్ తిప్పాలని నా కోరిక. ఆయన చెప్పినట్టు చేయొచ్చా?

ఆటోనగర్ బాబాయ్:
ట్రాక్టర్‌తో లాగే పని మాత్రం పెట్టుకోవద్దు నాయనా. ఇన్నేళ్లు కదలని ఇంజిన్లో సిలిండర్ గోడల మీద నూనె పొర ఎప్పుడో కిందికి దిగిపోయి ఉంటుంది, పిస్టన్ రింగులు తుప్పుకి పట్టేసి ఉండొచ్చు. అలా బలవంతంగా తిప్పితే రింగులు విరిగి, గోడలు గీసుకుపోయి, బోరింగ్ అంటే సిలిండర్ గోడలు చెక్కించే పని చేయించాల్సి వస్తుంది. ముందు స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పు, ఒక్కో కన్నంలో రెండు మూడు చెంచాల పల్చటి నూనె పోసి రెండు మూడు రోజులు వదిలెయ్. తర్వాత డిక్కీలో జాకీతో పాటు వంకర ఇనుప కడ్డీ ఉందేమో చూడు, అదే స్టార్టింగ్ హ్యాండిల్. ముందు వైపు నుంచి పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పు. ప్లగ్గులు లేవు కాబట్టి పెద్దగా బలం లేకుండానే తిరగాలి. ఎక్కడైనా గట్టిగా ఆగిందంటే కాలు పెట్టి తొక్కొద్దు, మళ్లీ నూనె పోసి ఆగు.

తిరిగాక పైన వాల్వ్ కవర్ తీసి, ఇంకొకరు హ్యాండిల్ తిప్పుతుంటే ఎనిమిది వాల్వులూ లేచి దిగుతున్నాయో లేదో చూడు. ఒక్కటి పైన ఇరుక్కున్నా దాన్ని తెరిచే కడ్డీ, అంటే పుష్ రాడ్, వంగుతుంది. పాత ఆయిల్ దింపేసి 20డబ్ల్యూ50 గ్రేడ్ ఇంజిన్ ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పి ఆయిల్ ప్రెజర్ వచ్చాకే ప్లగ్గులు బిగించు. బ్యాటరీ పెట్టేముందు బాడీకి ఏ టెర్మినల్ బిగించారో చూసుకో, ఆ కాలపు బ్రిటిష్ డిజైన్ బండ్లు కొన్నిట్లో ప్లస్ బాడీకి ఉంటుంది. వైర్లు ఎలుకలు కొరికాయేమో కూడా చూడు, షెడ్డులో బండి అంటే అది మామూలే.

రాణిగంజ్ పార్ట్స్:
ఇంజిన్ గురించి బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్, కానీ నన్నడిగితే దానికంటే ముందు బ్రేకులు. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, ఆ తేమకి చక్రాల దగ్గర బ్రేకుని నొక్కే వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టి పిస్టన్లు బిగుసుకుపోతాయి. పైగా మార్క్ 2లో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే బ్రేక్ లైను, ఒక్క హోస్ (రబ్బరు గొట్టం) పగిలినా పెడల్ నేలకి దిగిపోతుంది. హోస్‌ని చేత్తో వంచి చూడు, వంపు దగ్గర సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. కనిపించకపోయినా మార్చెయ్, వీల్ సిలిండర్ల కిట్లూ పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ కిట్టూ కూడా. టైర్లకి గీతలు ఎంత బాగున్నా రబ్బరు చచ్చిపోయి ఉంటుంది, కొత్తవి వేయించు.

పెట్రోల్ సంగతి కూడా చెప్పాలి. ట్యాంకు మూత తీస్తే వార్నిష్ వాసన వస్తుంది, ఆ పెట్రోల్ మీద కొత్తది పోశావంటే ఆ జిగురంతా కార్బురేటర్లోకి పోతుంది. ట్యాంకు దింపి కడిగించు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఈ బండి రబ్బరు గొట్టాలూ పెట్రోల్ పంపులోని రబ్బరు పొర (డయాఫ్రమ్) కూడా దానికోసం చేసినవి కావు. ఇథనాల్‌కి తట్టుకునే గొట్టాలు వేయించు, నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్ ఉంచకు.

పెదకాకాని:
బండి తిరిగినా కాగితాలు లేకపోతే రోడ్డెక్కించలేవు తమ్ముడూ. ఆర్‌సీ ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకి మార్పించండి, మిగతా వారసుల సంతకాలు ఇప్పుడే తీసుకుంటే మంచిది, ఆస్తి గొడవల్లో బండి ఇరుక్కోకుండా ఉంటుంది. 50 ఏళ్లు దాటింది కాబట్టి పాత బండ్ల కోసం 2021లో వచ్చిన వింటేజ్ రూల్ మీ బండికి వర్తిస్తుంది, వీఏ అని ఉండే నంబరు, పదేళ్ల రిజిస్ట్రేషన్. అయితే ఒక్క విషయం: వింటేజ్ కింద పెడితే ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్, రిపేర్ల కోసం తప్ప మామూలుగా తిప్పకూడదు. నాయనమ్మని అప్పుడప్పుడూ గుడికి తీసుకెళ్లాలనుకుంటే ఫిట్‌నెస్ చూపించి మామూలు రెన్యూవల్‌కే వెళ్లండి. ఇన్సూరెన్స్ తప్పనిసరి, ఊళ్లోనే కదా అని వదిలేయకండి.

తెనాలి కుర్రాడు:
అందరికీ థాంక్స్. డిక్కీలో హ్యాండిల్ ఉందట, నాన్న చూసి చెప్పారు. ట్రాక్టర్ ఆలోచన మానేశాం. బాబాయ్, సంక్రాంతికి అవుతుందంటారా?

ఆటోనగర్ బాబాయ్:
చేత్తో సాఫీగా తిరిగితే అవ్వొచ్చు. బ్రేకులు పూర్తి కాకపోతే మాత్రం షెడ్డులోనే స్టార్ట్ చేసి నాయనమ్మకి వినిపించు, రౌండ్ ఉగాదికి పెట్టుకో.