పాట్ బూన్ కవర్లు నల్లజాతి సంగీతానికి దారి వేశాయా, అడ్డుపడ్డాయా?

రేడియోరాజు
తెల్లవాళ్ళు కవర్లు (వేరొకరి పాటనే మళ్ళీ పాడి తెచ్చిన రికార్డులు) పాడబట్టే 1950ల అమెరికాలో నల్లజాతి గాయకుల పాటలు అందరికీ తెలిశాయన్న మాట తరచూ వినిపిస్తోంది. నేను ఒప్పుకోను. 1955లో నల్లజాతి గాయకుడు ఫ్యాట్స్ డామినో పాడిన ‘ఎయింట్ దట్ ఎ షేమ్’ పాప్ చార్టులో (దేశమంతా ఆదరణ పొందిన పాటల వరసలో) 10వ స్థానం దాకా వచ్చి ఆగింది. అదే పాటతో తెల్లజాతి గాయకుడు పాట్ బూన్ 1కి వెళ్ళాడు. అసలు రికార్డు అప్పటికే పాప్ చార్టు ఎక్కిందంటే కొనేవాళ్ళు ఉన్నట్టే కదా. ఆ గిరాకీని కవర్ తన వైపు లాక్కుంది, అంతే.

శ్రావ్య_78
ఆ పాట రాసింది డామినో, డేవ్ బార్తొలొమ్యూ. 1909 నాటి కాపీరైట్ చట్టంలో తప్పనిసరి లైసెన్సు (ఒకసారి రికార్డయిన పాటని ఎవరైనా పాడుకోవచ్చు, రాసినవాళ్ళకి డబ్బు కట్టాలి) రేటు రికార్డుకి పాటకి 2 సెంట్లు. బూన్ రికార్డు ఎంత అమ్ముడైతే రాసినవాళ్ళకి అంత లాభం. దీన్ని దోపిడీ అని ఎలా అంటారు?

రేడియోరాజు
పాడినవాళ్ళే రాసినప్పుడు మీ లెక్క సరే. నల్లజాతి గాయని లావెర్న్ బేకర్ సంగతి చూడండి. ‘ట్వీడిల్ డీ’ ఆమె రాసింది కాదు. తెల్లజాతి గాయని జార్జియా గిబ్స్ మెర్క్యురీ అనే పెద్ద రికార్డు కంపెనీలో ఆ పాటని వాద్యాల అమరికతో సహా దించేసింది. పాటకి రక్షణ ఉంది, అమరికకి లేదు. రికార్డయిన ధ్వనికి ఫెడరల్ కాపీరైట్ వచ్చిందే 1972 ఫిబ్రవరి 15న. కాబట్టి ఆ కవర్ నుంచి బేకర్‌కి ఒక్క సెంటు కూడా రాలేదు. చట్టం మార్చమని 1955లో అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుడు చార్లెస్ డిగ్స్‌కి ఉత్తరం రాసింది. తన గొంతు విరుపులు కూడా వేరొకరి పేరున అమ్ముడవుతుంటే ఏ గాయని ఊరుకుంటుంది?

వినైల్ వెంకట్
చట్టం ఒకెత్తు, సరుకు అంగడికి చేరడం ఇంకొకెత్తు. నల్లజాతి పాటలు తెచ్చే చిన్న కంపెనీ ప్రెస్సింగ్ ప్లాంటుకి (రికార్డులు అచ్చుపోసే చోటికి) ముందే డబ్బు కట్టాలి. డిస్ట్రిబ్యూటరు నెలల తర్వాత ఇస్తాడు, అమ్ముడుపోనివి వెనక్కి పంపుతాడు. అందుకే పాట హిట్టయిన కొద్దీ చేతిలో నగదు ఉండదు: రెండో విడత అచ్చుకి డబ్బు కావాలి, మొదటి విడత డబ్బు ఇంకా రాలేదు. ఆ సందులో పెద్ద కంపెనీ కవర్ దేశమంతా దిగిపోతుంది. 1954లో నల్లజాతి గాయకుల కార్డ్స్ బృందం ‘ష్-బూమ్’ పాప్ టాప్ 10లోకి వచ్చినా, 1వ స్థానం మెర్క్యురీ తెచ్చిన క్రూ-కట్స్ కవర్‌కే దక్కింది.

శ్రావ్య_78
మరి ఆ గిరాకీ ఎక్కడి నుంచి వచ్చింది? దుకాణాలే పెట్టని రికార్డు గురించి తెల్ల పిల్లలకి ఎలా తెలిసింది?

వినైల్ వెంకట్
రాత్రి రేడియో. నాష్‌విల్‌లోని డబ్ల్యూఎల్ఏసీ 50,000 వాట్ల ఏఎం స్టేషన్, రాత్రుళ్ళు నల్లజాతి పాటలు వేసేది. పొద్దుగూకాక అయనావరణం (ఆకాశంలో పైనున్న విద్యుదావేశ పొరలు) కింది పొర పలచబడి, ఏఎం తరంగాలు పైపొరని తాకి వందల మైళ్ళ అవతల దిగుతాయి. పాటల మధ్యలో గాలటిన్ ఊరి ర్యాండీస్ రికార్డ్ షాప్ ప్రకటనలు, ఉత్తరం రాస్తే రికార్డు పోస్టులో ఇంటికి. అడిగేవాడి రంగు ఎవరికీ కనపడదు.
ఇంకో సంగతి. ఆ షాపు యజమాని ర్యాండీ వుడ్డే డాట్ రికార్డ్స్ పెట్టాడు. పాట్ బూన్ పాడింది ఆ డాట్‌కే. అసలు రికార్డుల గిరాకీ ఎంతో పోస్టులో రోజూ చూసే మనిషే కవర్లూ అమ్మాడు.

రేడియోరాజు
నా వాదనకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. తర్వాత అసలు రికార్డే కవర్‌ని దాటింది కూడా: 1956లో నల్లజాతి గాయకుడు లిటిల్ రిచర్డ్ ‘లాంగ్ టాల్ సాలీ’ 6కి, బూన్ కవర్ 8కి వెళ్ళాయి. అంతకుముందు ‘టూటీ ఫ్రూటీ’లో రిచర్డ్ 17, బూన్ 12.

శ్రావ్య_78
ఆ తిరుగుడుకి ‘టూటీ ఫ్రూటీ’ కవర్ కూడా తోడ్పడిందనే నేను అంటాను. ఆ పాట బూన్ నోట విన్న తర్వాతే రిచర్డ్ పేరు వెతుక్కున్నవాళ్ళు ఉండరా? లావెర్న్ బేకర్ విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను.