ఫుల్ ఐరన్‌మ్యాన్‌కు ముందు పెద్ద వాల్యూమ్ బ్లాక్ (కొన్ని రోజులు వరసగా సాధన గంటలు బాగా పెంచడం) ఎప్పుడు పెట్టాలి?

రేసుకు ఇంకా 9 వారాలు. ఈత 3.8, సైకిల్ 180, పరుగు 42.2 కి.మీ. ఇప్పుడు వారానికి 11 గంటలు చేస్తున్నా. 10 రోజులు సెలవు పెట్టి రోజుకు 3 గంటలు చేయాలని ఆలోచన. పెంపంతా జోన్ 2లో (మాట్లాడుతూ చేయగలిగేంత తేలిక శ్రమ), సైకిల్ మీదే. పరుగు పెంచితే పిక్కలు పట్టేస్తున్నాయి.

ఇదే బ్లాక్ రెండుసార్లు బెడిసికొట్టింది. రేసుకు 3 వారాల ముందు ముగిస్తే టేపర్‌లోనూ (రేసు ముందు సాధన తగ్గించే రోజులు) కాళ్ల బరువు దిగలేదు. పొద్దున లేవగానే చూసే గుండె వేగం 48 నుంచి 56కి ఎక్కి 12 రోజులు అక్కడే కూర్చుంది. 8 వారాల ముందు ముగిస్తే అలసట తీరింది గానీ, వచ్చిన లాభమూ కరిగిపోయింది: సైకిల్ మీద 120 కి.మీ. దాటాక అదే గుండె వేగానికి పెడల్ మీద శక్తి 20 వాట్లు తక్కువ. గంటకు 70 గ్రాముల కార్బ్స్ తీసుకున్నా, కాబట్టి తిండి లోపం కాదనుకుంటా.

బ్లాక్ చివరి రోజుకూ రేసుకూ మధ్య ఎన్ని వారాలు ఉంచితే మీకు కుదిరింది: 4, 5, 6?