అప్‌డేట్: మాడ్రిడ్ ఆఫీసులో ‘కే తాల్?’ అంటే ఏమని బదులివ్వాలి?

మాడ్రిడ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను, ‘కే తాల్?’ (స్పానిష్‌లో ‘ఎలా ఉన్నావు?’) అని పలకరించి జవాబు వినకుండానే వెళ్లిపోతున్నారు, ఏమనాలి అని కిందటి నెల అడిగాను. సాయపడిన అందరికీ కృతజ్ఞతలు.

‘బియెన్, ఇ తూ?’ (‘బాగున్నాను, మరి నువ్వు?’) అంటే చాలన్న సలహాయే పనిచేసింది. ‘కే తాల్’ ఇంగ్లిషులో ‘హౌ ఆర్ యూ’ లాంటిదే. మన ఆరోగ్య నివేదిక ఎవరికీ అక్కర్లేదు. స్పానిష్ టీచరుగారు ఇంకో ముడి విప్పారు. ఎదురుపడ్డవాళ్లు ఆగకుండా సాగిపోతూ ‘అస్తా లుఎగో’ అనడం స్పెయిన్‌లో మామూలేనట. వీడ్కోలు మాటే, అయినా దారిలో అదే పలకరింపు! ఇప్పుడు నేనూ అదే అని నడిచిపోతున్నాను.

‘బ్వేనాస్’ అన్న పొట్టి పలకరింపు పొద్దున్నా సాయంత్రమూ చెల్లుతుంది కాబట్టి, మధ్యాహ్నం రెండింటికి ‘బ్వేనోస్ దియాస్’ (గుడ్ మార్నింగ్) అనాలా ‘బ్వేనాస్ తార్దేస్’ (గుడ్ ఆఫ్టర్‌నూన్) అనాలా అన్న బెంగ తీరింది. ఒకరు చెప్పిన ‘కే ఓందా’ (‘ఏంటి సంగతి?’) మెక్సికోవాళ్ల మాట. ఇక్కడ అక్కరకు రాలేదు.