తాజా అంజీర్ అంటే ఎగబడతారు, ఫిగ్ న్యూటన్స్ అంటే మూతి ముడుస్తారు... ఎందుకిలా?

న్యూజెర్సీ_నెల్లూరోడు:
అందరికీ నమస్తే. డౌట్ చిన్నదే గానీ మా ఇంట్లో పెద్ద చర్చ అయిపోయింది. ఈ దేశం వచ్చిన కొత్తలో క్రీమ్ బిస్కెట్లు పడక, టీలోకి ఏదో ఒకటి ఉండాలని ఫిగ్ న్యూటన్స్ (లోపల అంజీర్ ముద్ద పెట్టిన కుకీలు, ఫిగ్ అంటే అంజీరే) అలవాటు చేసుకున్నాను. అప్పటినుంచీ ఆ పసుపు ప్యాకెట్ మా ఇంట్లో అయిపోవడం, మళ్ళీ రావడం. మా పెద్దమ్మాయి దాన్ని "తాతల కుకీ" అంటుంది, లంచ్ బాక్స్‌లో పెడితే అలాగే తిరిగొస్తుంది. అదే పిల్ల బయటికి తీసుకెళ్తే అంజీర్ ముక్కలూ మేకపాల చీజూ వేసిన పిజ్జా అడుగుతుంది, వేసవి చివర్లో షాపులో తాజా అంజీర్ పెట్టె కనిపిస్తే కారెక్కేలోపే సగం ఖాళీ. ఆఫీసులో అమెరికన్లదీ ఇదే వరస. యాభై దాటినవాళ్ళేమో "చాక్లెట్ కుకీ అడిగితే మా అమ్మ ఇదిచ్చి సరిపెట్టేది" అని ఇప్పటికీ గొణుగుతారు, కుర్రాళ్ళేమో అంజీర్ జామ్ సీసాకి ఎంతైనా పెడతారు. పండు ఒకటే కదండీ! ఈ కుకీ మీద చిన్నచూపు ఎక్కడ మొదలైంది? కంపెనీయే పేరులోంచి ఫిగ్ తీసేసిందని విన్నాను, నిజమేనా?

బోస్టన్_బాబాయ్:
నిజమే. 2012లో ఫిగ్ ఎత్తేసి ఒట్టి "న్యూటన్స్" అన్నారు. స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీ రకాలు ఎప్పటినుంచో ఉన్నాయి, కాబట్టి ఒక్క పండు పేరు ఎందుకు అన్నది పైకి చెప్పే లెక్క. అసలు సంగతి, ఫిగ్ అనగానే ముసలివాళ్ళూ మలబద్ధకమూ గుర్తొస్తున్నాయని భయం. ఇదే ముద్ర ఉన్న ప్రూన్స్ (ఎండబెట్టిన ప్లమ్ పండ్లు) రైతులు అంతకుముందే ఈ పని చేశారు, 2000లో ప్రభుత్వం నుంచి అనుమతి తెచ్చుకుని "ఎండు ప్లమ్స్" అని అమ్మారు, కొన్నేళ్ళకి మళ్ళీ పాత పేరుకే వచ్చారు లెండి.

మొదలు మాత్రం మా ఊరి పక్కనే. 1891లో కేంబ్రిడ్జ్‌లోని కెన్నెడీ బేకరీ దీన్ని తయారు చేసింది, చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు బిస్కెట్లకి పెట్టడం వాళ్ళ అలవాటు కాబట్టి న్యూటన్ అనే ఊరి పేరు దీనికి తగిలింది. ఆపిల్ చెట్టు కింద కూర్చున్న న్యూటన్‌కీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. జేమ్స్ హెన్రీ మిచెల్ అనే ఆయన ఒక గరాటులో ఇంకో గరాటు పెట్టి, లోపలి దాంట్లోంచి అంజీర్ ముద్ద, బయటి దాంట్లోంచి పిండి ఒకేసారి వచ్చేలా మెషీన్ కట్టాడు. పొడుగ్గా గొట్టంలా వస్తుంటే ముక్కలు కోయడమే. ఆ రోజుల్లో డాక్టర్లు అజీర్తికి బిస్కెట్లూ పండ్లూ తినమనేవాళ్ళు, అంటే ఇది పుట్టడమే ఆరోగ్యం పేరుతో పుట్టింది. ఆ ముద్రే తర్వాత మెడకు చుట్టుకుంది.

ముద్ర అంటే మామూలు ముద్ర కాదు. అప్పట్లో "సిరప్ ఆఫ్ ఫిగ్స్" అని విరేచనాల మందు ఒకటి విపరీతంగా అమ్ముడుపోయేది. అందులో పనిచేసేది అంజీర్ కాదు, సునాముఖి! ఆ పేరు వేరేవాళ్ళు వాడుకుంటున్నారని కంపెనీ కోర్టుకెక్కితే, 1903లో అమెరికా సుప్రీంకోర్టు "అంజీర్ నామమాత్రంగా వేసి అంజీర్ పేరుతో జనాన్ని మోసం చేస్తూ మా దగ్గరికి రక్షణ కోసం వస్తారా" అన్న ధోరణిలో కొట్టేసింది. కేసు పోయింది గానీ జనం బుర్రలో అంజీర్ అంటే మోషన్ మందు అన్నది ఉండిపోయింది. మనవాళ్ళకి ఆముదం పేరు చెబితే ఎలా ఉంటుందో అలా. 1990ల్లో కొవ్వు లేని న్యూటన్స్ కూడా దింపారు, డైటింగ్ ఆంటీల కుకీ అన్న పేరొకటి అదనంగా వచ్చింది. మీ అమ్మాయి తప్పేం లేదు.

ఫ్రెస్నో_రైతుబిడ్డ:
బాబాయ్ గారు చెప్పింది కుకీ కథ. పండు వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. ఈ దేశంలో పండే అంజీర్ దాదాపు మొత్తం కాలిఫోర్నియాదే, అందులోనూ మా ఫ్రెస్నో, మడేరా, మెర్సెడ్ వైపే. కోశాక అంజీర్ ఇక పండదు, అరటి, మామిడి లాగా పచ్చిగా కోసి పంపడం కుదరదు. చెట్టు మీదే మెత్తబడాలి, మెత్తబడ్డాక తోలు చిట్లుతుంది, రెండు రోజులకే పులుస్తుంది. అందుకే చాలాకాలం పంటలో ఎక్కువ భాగం ఎండబెట్టడానికో, రుబ్బి ముద్ద చేయడానికో పోయేది. ఒహాయోలోనో మిషిగన్‌లోనో పుట్టినవాడికి అంజీర్ అంటే ఆ కుకీ లోపలి గోధుమరంగు ముద్ద ఒక్కటే తెలుసు, పండు ఎలా ఉంటుందో చూసి ఉండడు. వేరుశనగ పచ్చడి తిని వేరుశనగ చెట్టుకు కాస్తుందనుకునేవాళ్ళూ ఉన్నారుగా! ఇప్పుడు కోసిన వెంటనే చల్లబరిచి ఫ్రిజ్ లారీల్లో పంపుతున్నారు కాబట్టి మీ దాకా వస్తోంది. మీ అమ్మాయి దృష్టిలో అవి రెండూ వేరు వేరు తిండ్లు, నా దృష్టిలోనూ అంతే.

కడప_కారం:
అన్నా, ప్రతి అంజీర్‌లో చచ్చిన కందిరీగ ఉంటుందని రీల్స్ తిరుగుతున్నాయి. మేడిపండు సామెత గుర్తొచ్చి భయమేసింది. మా అత్తగారు ఏకాదశికి నానబెట్టిన అంజీర్ మాత్రమే తింటారు. చెప్పాలా, వద్దా?

ఫ్రెస్నో_రైతుబిడ్డ:
@కడప_కారం చెప్పకండి, ఆవిడ ఉపవాసం చెడగొట్టకండి 😄 ప్రతి పండులోనూ ఉంటుందన్నది అబద్ధం. నల్లటి మిషన్, బ్రౌన్ టర్కీ, కడోటా రకాలకి పుప్పొడి మోసే కందిరీగ అవసరమే లేదు, వాటంతట అవే కాస్తాయి. షాపులో తాజాగా దొరికేవి ఎక్కువగా ఇవే. స్మిర్నా రకానికి మాత్రం కావాలి. 1880ల్లో టర్కీ నుంచి ఆ మొక్కలు ఫ్రెస్నోకి తెస్తే చెట్లు ఏపుగా పెరిగాయి, కాయలు పండకుండానే రాలిపోయాయి. టర్కీ రైతులు అడవి అంజీర్ కాయల్ని తోటలో వేలాడదీస్తారని చెబితే ఇక్కడివాళ్ళు మూఢనమ్మకం అని నవ్వారు. చివరికి 1899లో ఆ అడవి కాయల్లో ఉండే చిన్న కందిరీగనీ తెచ్చి తోటల్లో వదిలాక గానీ పంట చేతికి రాలేదు. ఇప్పటికీ జూన్‌లో ఆ అడవి (మగ) కాయల్ని కాగితం సంచుల్లో పెట్టి చెట్లకి కడతారు. లోపలికెళ్ళి చచ్చిన పురుగుని పండులోని ఎంజైమ్ కరిగించేస్తుంది. నోట్లో కరకరలాడేవి గింజలు.

బేగంబజార్_బ్యాచ్:
మీ గొడవ చదువుతుంటే మాకు నవ్వొస్తుంది భయ్యా. మా హైదరాబాద్‌లో అంజీర్‌కి ఇమేజ్ ప్రాబ్లమే లేదు. బేగంబజార్‌లో తాడుకి గుచ్చిన అఫ్ఘాన్ అంజీర్ దండలు రేటు అడగాలంటేనే దమ్ముండాలి, పెళ్ళిలో అంజీర్ బర్ఫీ పెట్టారంటే ఖర్చు పెట్టినట్టు లెక్క, జ్యూస్ సెంటర్‌లో అంజీర్ మిల్క్‌షేక్ బోర్డు మీద పై వరసలోనే ఉంటది. తాజా పండు పుణె వైపు నుంచి వస్తది, అక్కడి పురందర్ అంజీర్‌కి 2016లో జీఐ (ఆ ఊరి పంట అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. మజా ఏంటంటే, మా ఇంట్లో కూడా రాత్రి నానబెట్టి పొద్దున తినేది మోషన్ కోసమే. దాని వల్ల ఇజ్జత్ పెరిగిందే గానీ తగ్గలేదు. అమెరికాలో చవగ్గా ప్యాకెట్‌లో వేసి రోజూ పిల్లల మీదికి రుద్దారు, ఇక్కడ లెక్కపెట్టి రెండే ఇస్తారు. తేడా అంతే అనిపిస్తది.

డబ్లిన్_డాటర్:
ఆరోగ్యం ముద్ర వల్లే పోయిందన్నది నేను పూర్తిగా ఒప్పుకోను. ఇక్కడ ఐర్లండ్‌లో జేకబ్స్ ఫిగ్ రోల్స్ అంటే ప్రేమే, "ఫిగ్ రోల్‌లోకి ఫిగ్ ఎలా వెళ్తుంది" అని పాత టీవీ యాడ్ ఒకటుంది, దాని మీద ఇప్పటికీ జోకులేస్తారు. సైకిల్ తొక్కేవాళ్ళు జేబులో వేసుకుని వెళ్తారు. అదే బిస్కెట్, అదే పీచు పదార్థం. అమెరికాలో వాళ్ళు "కుకీ అంటే కుకీయే, న్యూటన్ అంటే పండూ కేకూ" అని యాడ్ చేశారు చూడండి, నా ఉద్దేశంలో అక్కడే దెబ్బతిన్నారు. బిస్కెట్‌ని బిస్కెట్‌లా అమ్మకుండా పథ్యంలా అమ్మితే ఏ పిల్ల తింటుంది?

న్యూజెర్సీ_నెల్లూరోడు:
బేగంబజార్ భయ్యా మాట నచ్చింది. ఇకనుంచి ప్యాకెట్ పై అరలో పెట్టి రెండేసి ఇస్తా, చూద్దాం. అన్నట్టు ఫ్రెస్నో అన్నా, మా వీధిలో ఇటాలియన్ పెద్దాయన ఒకాయన చలికాలం రాగానే అంజీర్ చెట్టుకి గోనెపట్టా చుట్టి పైన బకెట్ బోర్లిస్తాడు. మాకూ వేసుకోవాలనుంది, బతుకుతుందా?

ఫ్రెస్నో_రైతుబిడ్డ:
బతుకుతుంది. చికాగో హార్డీ రకం అడగండి, చలికి పైన కొమ్మలు పోయినా వేరు నుంచి మళ్ళీ చిగురేసి అదే ఏడాది కాస్తుంది. దక్షిణం ఎండ తగిలే గోడ పక్కన పెట్టండి. స్మిర్నా జోలికి మాత్రం వెళ్ళకండి, మీ దగ్గర ఆ కందిరీగ ఉండదు. కొమ్మ కావాలంటే ఆ పెద్దాయన్నే అడగండి, ఫిబ్రవరి చివర్లో కత్తిరింపులప్పుడు ఇస్తారు.