పశ్చిమోత్తానాసనంలో మాస్టారు వీపు మీద నొక్కడం సబబేనా?

నేలచాప: విజయవాడలో యోగా క్లాసుకి వెళ్లేదాన్ని. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో ఉండగా సార్ వెనక నుంచి వచ్చి వీపు మీద రెండు చేతులూ ఆనించి బరువంతా వేసేవారు. పోయిన నెల పిర్ర ఎముక దగ్గర కలుక్కుమంది. ఇప్పటికీ కుర్చీలో కూర్చుంటే సలుపు. అసలు ఇలా చేత్తో నొక్కొచ్చా?

పాతమాస్టారు: చేయి వేయకుండా యోగా నేర్పడమంటే ఒడ్డున కూర్చుని ఈత నేర్పడమే. మైసూరులో పట్టాభి జోయిస్ గారు అలాగే నేర్పారు, దేశదేశాల వాళ్లు వచ్చి నేర్చుకున్నారు. నీ కండరాలు బిగుసుకుపోయి ఉంటే తప్పు మాస్టారిదా తల్లీ?

ఫిజియో_కాకినాడ: తొడ వెనక కండరాలు మొదలయ్యేది కూర్చునే ఎముక దగ్గరే. కాళ్లు చాపి వంగినప్పుడు అవి అప్పటికే బాగా సాగి ఉంటాయి. పైనుంచి బరువు వేస్తే ఆ అతుకు లాగేస్తుంది. నడుము గుండ్రంగా వంగిపోయి ఉంటే డిస్కులకీ ముప్పే. చేయి వేయాలంటే తుంటి దగ్గర ఊరికే ఆనించాలి. ఊపిరి వదులుతూ తను వంగినంతే వంగనివ్వాలి. మీరు ఒకసారి డాక్టరుకి చూపించుకోండి.

పాతమాస్టారు: నేను నొక్కేది ఊపిరి వదిలేటప్పుడే.

ఫిజియో_కాకినాడ: నేననేది బరువు గురించండీ.

పాతమాస్టారు: ఊపిరి తెలిసినవాడికి బరువూ తెలుస్తుంది. పీల్చేటప్పుడు నొక్కేవాడు మాస్టారే కాదు.

చింతచిగురు: పద్మాసనం కోసం మా సార్ పాదం పట్టి లాగారు. మోకాలు పోయింది. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు, పైసా తిరిగివ్వలేదు.

బెల్టుబ్యాచ్: యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ పద్ధతిలో దుప్పటి మడత మీద కూర్చోబెట్టి, పాదాలకు బెల్టు తగిలించి పట్టుకోమంటారు. నెట్టే పనే లేదు.

పాతమాస్టారు: అయ్యంగార్ గారు దెబ్బలు వేసి మరీ నేర్పేవారు. అది చెప్పరేం?

డల్లాస్‌పిల్ల: ఇక్కడ కొన్ని స్టూడియోల్లో చాప పక్కన చిన్న బిళ్ల పెట్టుకుంటాం. ముట్టుకోవచ్చా, వద్దా అన్నది దాన్ని చూసి టీచరు తెలుసుకుంటారు.

పాతమాస్టారు: బాగుంది. టోకెన్ నంబరు కూడా ఇవ్వండి.

నేలచాప: జోయిస్ గారి పేరు మీరే తెచ్చారు కాబట్టి అంటున్నాను. సరిచేసే నెపంతో అసభ్యంగా తాకారని ఆయన శిష్యురాళ్లే బయటపెట్టారు. తాత తప్పుగా చేతులు వేయడం తానూ చూశానని, ఆయన్ని క్షమించమని మనవడు శరత్ జోయిస్ 2019లో రాశారు. ఆ సంగతి మీకు తెలీదా?

పాతమాస్టారు: అంటే నేనూ ఆ బాపతేనా? మొన్న ఒకామె మోకాలు పక్కకి పోతోందని వేలు పెట్టానంతే. "ముట్టుకోకండి" అని అందరి ముందూ అరిచింది. మర్నాటి నుంచి సగం బ్యాచ్ రావడం మానేసింది. జుట్టు నెరిసేదాకా నేర్పి నేను తెచ్చుకున్న పేరు ఇదీ.

నేలచాప: వేలు పెట్టే ముందు ఆమెని అడిగారా?

పాతమాస్టారు: గురువు శిష్యుల్ని అడిగి నేర్పాలా?

నేలచాప: నేను "చాలు సార్" అని రెండుసార్లు అన్నాను. "ఇంకొంచెం" అంటూ నొక్కారు. నా ఒంటికి ఎంత చాలో నాకు తెలియదా?

పాతమాస్టారు: చాలన్న చోటల్లా ఆపేస్తే మీకు ఏ ఆసనమూ రాదు.

నేలచాప: రాకపోతే పోయింది.

ఫిజియో_కాకినాడ: వద్దన్నాక కూడా నెడితే ఒళ్లు భయంతో బిగుసుకుంటుంది మాస్టారూ. దెబ్బ తగిలేది అప్పుడే.

పాతమాస్టారు: నా దగ్గర ఇంతవరకు ఎవరికీ తగల్లేదు.

నేలచాప: మా సార్ కూడా అదే చెప్పుకుంటున్నారు. నేను మానేసింది నొప్పి వల్లేనని ఆయనకి తెలీదు.