చెన్నై ఎగ్జిబిషన్‌కి తిరుపతి కాంట్రాక్టరా, చెన్నై కాంట్రాక్టరా?

గుజ్జు_చిత్తూరు:
మాది చిత్తూరు దగ్గర తోతాపురి మామిడి గుజ్జు యూనిట్. నందంబాక్కం ట్రేడ్ సెంటర్‌లో మూడు రోజుల ఫుడ్ ఎగ్జిబిషన్‌కి 36 చదరపు మీటర్ల బేర్ స్పేస్ తీసుకున్నాం. అంటే నేల మాత్రమే వాళ్లది. గోడలు, లైట్లు, బల్లలు అన్నీ మనమే కట్టించుకోవాలి. తిరుపతిలో పెళ్లి సెట్టింగులు వేసే ఆయన ఒకరు చెన్నై కొటేషన్‌లో సగానికే చేస్తానంటున్నాడు. పదేళ్లుగా తెలిసిన మనిషి. ఇవ్వొచ్చా?

కలంకారీ_కాళహస్తి:
వద్దన్నా. మేం అట్లే ఇచ్చి అనుభవించాం. లారీ గేటు దగ్గరే ఆగిపోయింది, పనివాళ్లకి పాసుల్లేవు. లోపలికి పోయేసరికి రాత్రి పది. అప్పుడు రంపం ఆడించకూడదన్నారు. పెళ్లి పందిట్లో అయితే తాళి కట్టేదాకా మేకులు కొట్టినా అడిగేవాడుండడు. ఒక గోడకి మా చీరే కప్పి మూడు రోజులు నెట్టుకొచ్చాం. (ఆ చీర మాత్రం అమ్ముడుపోయింది.)

పందిరి_తిరుపతి:
నాదీ ఈ పనే, కాబట్టి నా మాట కొంత తగ్గించుకుని వినండి. పాసులు, రూల్సు ఉన్న మాన్యువల్ స్టాల్ తీసుకున్నవాళ్ల మెయిల్‌కి వస్తుంది, మాకు రాదు. మీరు పంపించారా? చెన్నైలో కొందరు ఒకే ఎగ్జిబిషన్‌కి ఏడెనిమిది స్టాళ్లు ఒప్పుకుని, అడ్వాన్సు తీసుకుని, పని ఇంకొకరి చేతిలో పెడతారు. ముందురోజు రాత్రి ఫోన్ ఎత్తరు. మేం వస్తే మీ ఒక్క స్టాల్ కోసమే వస్తాం.

కలంకారీ_కాళహస్తి:
మెయిల్ పంపలేదు, నిజమే. కానీ అడగాల్సింది ఆయన కదా? అట్లాంటి మెయిల్ ఒకటి వస్తుందని మాకేం తెలుసు?

ఎగుమతి_రేణిగుంట:
ఇద్దరి కొటేషన్లలో ఏం రాయలేదో చూడండి సార్. మాకు తగిలిన దెబ్బ కరెంటు. రాత్రి హాలు మూశాక సరఫరా ఆపేశారు. ఫ్రీజర్‌కి 24 గంటల కనెక్షన్ విడిగా అడిగి డబ్బు కట్టాలట. పొద్దున తలుపు తెరిస్తే శాంపిల్సన్నీ నీళ్లు. ఇంకొకటి, మీరు గుజ్జు డ్రమ్ము పెడతారుగా? నిండుది 200 కిలోల పైమాటే. ప్లైవుడ్ ప్లాట్‌ఫాం మీద పెడితే కుంగుతుంది. డ్రమ్ము పెడుతున్నామని ఊరికే ఇద్దరికీ చెప్పి చూడండి. ఎవరు ఏం అడుగుతారో విని అప్పుడు ఇవ్వండి.

షెల్_చాలు:
ఇంత టెన్షన్ ఎందుకు? 9 చదరపు మీటర్ల షెల్ స్కీమ్ తీసుకుంటే గోడలు, బల్ల, కుర్చీలు వాళ్లే ఇస్తారు.

గుజ్జు_చిత్తూరు:
డబ్బు కట్టేశాం సార్, ఇప్పుడు చెప్తే ఎట్లా! రేణిగుంట మేడం చెప్పినట్టే ఇద్దరికీ ఫోన్ చేశా. చెన్నై ఆయన 'నో ప్రాబ్లం సార్' అని పెట్టేశాడు. తిరుపతి ఆయన నిండుదా ఖాళీదా, ఒకటా రెండా అని అడిగి, రేపు యూనిట్‌కే వచ్చి చూస్తానన్నాడు. మాన్యువల్ కూడా ఇప్పుడే పంపించా.

ఎగుమతి_రేణిగుంట:
మంచిది. అయితే ఆ 'సగం' లెక్క మళ్లీ వేయండి. చెన్నై కొటేషన్‌లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా?

గుజ్జు_చిత్తూరు:
ఉంది. అది ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే మేం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గి, వెనక్కి వస్తుంది కదా, నేను చూసుకోలేదు. తిరుపతి ఆయనకి అసలు జీఎస్టీ నంబరే లేదు. లారీ బాడుగ, పనివాళ్ల బస కూడా మనమీదేనట. రేపు డ్రమ్ము చూడ్డానికి వచ్చినప్పుడు ఇవన్నీ కాగితం మీద రాయించుకుంటా.