లత్తె, సెత్తె, అక్కాస: ఇటాలియన్ ద్విత్వాల సంగతి

కాఫీ పేరు ‘లాటే’ సరైనదా, ‘లాట్టే’ సరైనదా అని చాలామంది అడుగుతుంటారు. ఇటలీవాళ్ల నోట అది ‘లత్తె’, అంటే పాలు. ట కాదు, త. మొదటి అచ్చు హ్రస్వం, మధ్యలో ద్విత్వం. ఆ ద్విత్వాన్ని తేలిగ్గా తీసుకుంటే అర్థమే మారిపోతుంది. ‘నొన్నొ’ అంటే తాతయ్య, ‘నోనొ’ అంటే తొమ్మిదోది. ‘పల్ల’ బంతి, ‘పాల’ పార. ఒత్తు పోగానే ముందున్న అచ్చు సాగింది, చూశారా? మనకు ‘కాళ్ళు’, ‘వాళ్ళు’ లాంటి మాటల్లో దీర్ఘమూ ద్విత్వమూ పక్కపక్కనే ఉంటాయి. వాళ్లకు ఆ కూర్పు లేదు.

ఈ ద్విత్వాల్లో చాలావాటి మూలం లాటిన్ సంయుక్తాక్షరాల్లో ఉంది. పాలకు వాడుక లాటిన్‌లో ఉన్న ‘లక్తెమ్’ లత్తె అయింది. రాత్రి ‘నొక్తెమ్’ నొత్తె, ఎనిమిది ‘ఒక్తో’ ఒత్తొ, ఏడు ‘సెప్తెమ్’ సెత్తె అయ్యాయి. ముందు హల్లు వెనక హల్లులో కలిసిపోయింది. ప్రాకృతంతో పరిచయం ఉన్నవాళ్లకు ఇది వెంటనే తడుతుంది: సప్త అక్కడ ‘సత్త’, భక్త ‘భత్త’. భక్తికి మన తద్భవం ‘బత్తి’ కూడా ఇలాంటిదే. సెప్తెమ్, సప్త రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి చీలినవి. చీలిన ఎన్నో శతాబ్దాలకు ఇటలీలో ఒకసారి, ఇక్కడ ఒకసారి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా అదే మార్పు జరిగింది. నాకు ఎంత చదివినా తనివి తీరని విషయమిది.

ఇక పదాన్ని విరిచే పద్ధతి. ద్విత్వాన్ని నడిమికి విరుస్తారు: నొన్-నొ, పల్-ల. కానీ ‘స్’తో మొదలయ్యే గుంపును విడదీయరు. పంక్తి చివర చోటు చాలకపోతే పాస్తాను ‘ప-స్త’ అని, కిటికీ అనే ‘ఫినెస్త్ర’ను ‘ఫి-నె-స్త్ర’ అని విరుస్తారు. అచ్చం మన అక్షరాల్లాగే. అయితే చెవికి వినిపించేది వేరు. ‘ప’ సాగదు, సకారం దాన్ని ఆనుకుని ‘పస్-త’ లాగే పలుకుతుంది. ఛందస్సు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు: స్త రాతలో ఒకే అక్షరమైనా, దాని ముందున్న లఘువు గురువవుతుంది. అంటే మన ‘పాస్తా’లోని రెండు దీర్ఘాలూ మనం చేర్చుకున్నవే.

రెండు భాషల మాటలూ అజంతాలు, అంటే అచ్చుతో ముగిసేవి కాబట్టే తెలుగును ఇటాలియన్‌తో పోల్చారని అంటుంటారు. నిజమే, కానీ ‘కొన్’, ‘పెర్’, ‘ఇల్’ లాంటి హలంతాలు, అంటే హల్లుతో ముగిసే మాటలు, వాళ్లకు ప్రతి వాక్యంలో తగులుతాయి. నా దృష్టిలో అంతకంటే మంచి పోలిక త్రికసంధి, అంటే ఆ, ఈ, ఏల తర్వాతి హల్లు ద్విత్వమయ్యే మన సంధి. ఆ + కన్య = అక్కన్య కదా. ఇటాలియన్‌లో ‘అ కాస’ అంటే ఇంటికి. రాతలో రెండు మాటలే, ఫ్లారెన్స్, రోమ్ పలుకుబడిలో మాత్రం ‘అక్కాస’. కొన్ని జంటలు రాతలోకీ ఎక్కాయి: ద + వేరొ = దవ్వేరొ, అంటే ‘నిజంగా’. సోప్ర + తుత్తొ = సొప్రత్తుత్తొ, ‘అన్నిటికంటే ముఖ్యంగా’.

కారణాలు మాత్రం వేరు. ‘అ కాస’లోని ‘అ’ లాటిన్‌లో ‘అద్’. చివరి దకారం పక్క హల్లులో కలిసి దాన్ని జంట చేసింది. మన సంధి ఆ, ఈ, ఏ అనే మూడింటికే పరిమితం, పైగా దీర్ఘం హ్రస్వమవుతుంది. ఇంకో మాట, ఉత్తర ఇటలీవాళ్లు ‘అ కాస’ అని ద్విత్వం లేకుండానే అంటారు. మిలాన్ టీచర్ దగ్గర నేర్చుకుంటున్నవాళ్లకు ఈ అక్కాస వినిపించకపోతే అనుమానపడక్కర్లేదు.